రక్సౌలు వాకిలి

బిహారు రాష్ట్రమునకు ఉత్తరపు కొసన రక్సౌలు అను పట్టణ మొకటి కలదు. యాత్రికులు వెదకికొని పోవలసిన ఆలయము గాని, చరిత్రకారులు చెప్పుకొనదగిన కోట గాని అచట లేవు. ఉన్నవెల్ల లారీలు, లారీల వెనుక లారీలు, వాని దుమ్ము. ఊరి చివర సిర్సియా అను చిన్న యేరు, దానిపై ఒక వంతెన, వంతెన కావల బీర్గంజి, అనగా నేపాలు దేశము. ఆ వంతెనను అచటివారు 'మితేరీ' వంతెన యందురు. రక్తసంబంధము లేని ఇరువురు, పెద్దల యెదుట నిలిచి, ఒకరి కొకరు కానుక లిచ్చుకొని, నేటి నుండి మేము తోబుట్టువులమని చెప్పుకొని కట్టుకొను స్నేహమునకు నేపాలీయులలో ఆ పేరు. మన ఉత్తరాంధ్రపు పల్లెలలో 'నేస్తము కట్టుట' యను ఆచార మెట్టిదో అదియు నట్టిదే. అట్టి నేస్తపు వంతెనపై రెండు పర్యాయములు, ఒకసారి ఒప్పందపు గడువు తీరిపోవుటచేతను, మఱియొకసారి రాజ్యాంగపు తగవుచేతను, నూనె బండ్లు నిలిచిపోయిన కథను శ్రోతలకు నేడు మనవి చేయదలచితిని.

దేశములకు నడుమ పుట్టు వ్యాపార వివాదములు మొదట వాణిజ్య శాఖల దస్త్రములలోను, సుంకముల పట్టికలలోను, ఒడంబడికల అధికరణములలోను అణగియుండును గనుక మనబోటి సామాన్యులకు అవి పట్టవు. పత్రికలో నాలుగవ పుటలో చదివి మడిచి పెట్టుదుము. కాని ఒకానొక ఉదయమున పెట్రోలు బంకు ముందు అడ్డముగా తాడు కట్టి, 'స్టాకు లేదు' అని వ్రాసిన అట్టముక్క దానికి వ్రేలాడదీసినపుడు, పొయ్యి వెలిగింపబోయిన ఇల్లాలు గ్యాసుబండను కదిపి చూచి బరువు లేదని తెలిసికొన్నపుడు, ఆ అధికరణములు వంటింటిలోనికి నడచి వచ్చినవని తెలియును.

నేపాలు ఉనికి యెట్టిదనగా, తూర్పున, దక్షిణమున, పడమట మన దేశము. ఉత్తరమున హిమాలయము, దాని కావల టిబెట్టు. సముద్రము చూడవలెనన్న కలకత్తా రేవునకు రావలెను. అది బీర్గంజి నుండి యేడువందల కిలోమీటర్ల దూరము. ఆ దేశమున మంచు కలదు, నదులు కలవు, అడవులు కలవు. పెట్రోలియము మాత్రము లేదు. కావలసిన ప్రతి లీటరును కొనితెచ్చుకొనవలసినదే, కొనితెచ్చుకొనుటకు మన దేశము గుండనే రావలసినదే. 1927లో రక్సౌలు నుండి అమ్లేఖ్‌గంజి వరకు ఒక సన్నగేజి రైలుమార్గము వేసిరి. అమ్లేఖ్‌గంజికి పైన కొండ లడ్డుపడుటచే రైలు అచటనే ఆగిపోయెను. తరువాత 1950 ప్రాంతములలో భారతదేశమే నిర్మించి యిచ్చిన త్రిభువన రాజపథము, మలుపుల మీద మలుపులుగా ఆ కొండల నెక్కి ఖాట్మండు లోయలోనికి దిగెను. 1970లో ఏర్పడిన నేపాలు ఆయిలు కార్పొరేషను మన ఇండియన్ ఆయిలు సంస్థ వద్ద సరకు పుచ్చుకొనుట, ట్యాంకరు లారీలు ఆ సరకును నింపుకొని మహాభారత పర్వతశ్రేణి మీదుగా రాత్రింబవళ్లు మోసికొనిపోవుట, చిరకాలము ఇదియే ఆ దేశపు ఇంధన వ్యవస్థ సర్వస్వముగా నుండెను. మన పురాణపు పేరు గల ఆ పర్వతశ్రేణిని ఎక్కుచు ఒక ట్యాంకరు చెడి నిలిచిన, లోయలో బంకుల వద్ద వరుసలు పెరుగుచుండెనట!

ఇక తగవు. దానిని మన రైతుల మాటలో చెప్పిన సులువుగా బోధపడును. నాలుగు వైపుల పరుల పొలములు గల నడిమి చేను ఒకటి యున్నదనుకొనుడు. ఆ చేనిగల రైతు తన బండిని రోడ్డునకు తోలుకొనవలెనన్న పొరుగువాని గట్టు మీదుగానే పోవలెను. పొరుగువాని కతడు ధాన్యము అమ్మవచ్చును, అమ్మకపోవచ్చును, ధర కుదురవచ్చును, కుదురకపోవచ్చును, అది బేరము. కాని బండిబాట బేరము కాదు, అది హక్కు. ధర కుదురలేదని బాటలో కంప కొట్టినచో ఊరి పెద్దలు ఒప్పుకొనరు. ఇదే వాదమును నేపాలు చిరకాలముగా చేయుచు వచ్చెను: వ్యాపారము వేరు, దారిహక్కు వేరు, రెంటికిని వేర్వేరు ఒడంబడికలు కావలెను. సముద్రతీరము లేని దేశములకు సముద్రమును చేరు హక్కు కలదని 1965లో న్యూయార్కునందు కుదిరిన అంతర్జాతీయ ఒప్పందమును, 1982 నాటి సముద్రన్యాయ ఒప్పందమును చెప్పుచున్నవి గదా యని వారి ప్రశ్న.

పొరుగు రైతునకును ఒక వాదము కలదు, అది త్రోసిపుచ్చదగినది కాదు. మన రెండు దేశముల సరిహద్దు పదిహేడువందల కిలోమీటర్లకు పైబడినది. దానిపై కంచె లేదు, పాసుపోర్టు అక్కరలేదు. ఖాట్మండు పేర కలకత్తా రేవున దిగిన విదేశీ బట్టలు, ఎలక్ట్రానిక్ సామగ్రి, నేపాలు వరకు పోయినట్లే పోయి, పొలముగట్ల వెంట తిరిగి మన యూళ్లకు చేరుచుండెను. దిగుమతి సుంకముల గోడ ఎత్తుగా కట్టుకొన్న ఆనాటి భారతదేశమునకు ఇది గోడకు పడిన కన్నమువలె తోచుట వింత కాదు. దారియు వ్యాపారమును పెనవేసికొని యున్నవి గనుక రెంటికిని ఒకే ఒడంబడిక చాలునని ఢిల్లీ వాదము. 1950లోను, 1960లోను, 1971లోను ఒడంబడికలు మారుచు వచ్చి, 1978లో జనతా ప్రభుత్వ కాలమున నేపాలు కోరినట్లు రెండు వేర్వేరు పత్రములైనవి. ఆ పత్రముల గడువు, పొడిగింపులన్నియు ముగిసి, 1989 మార్చి 23 నాటికి తీరిపోయెను.

వాస్తవమునకు ఆ వేళకు మనసులు విఱుగుటకు కారణము సుంకములు మాత్రమే కావు. 1987లో నేపాలు తన రాజధాని లోయలో పనిచేయు విదేశీయులకు అనుమతిపత్రములు పెట్టగా, 1950 నాటి శాంతి మైత్రీ ఒడంబడిక ప్రకారము స్వదేశీయులవలె చూడబడవలసిన భారతీయులకును అవి వర్తించెను. 1988లో ఆ దేశము చైనా నుండి విమాన విధ్వంసక ఫిరంగులు మొదలగు ఆయుధములు కొని, వానిని కొండదారిని తెప్పించుకొనెను. మీకు శత్రువులు లేరే, ఈ ఫిరంగులు ఎవరి విమానముల కొరకని ఢిల్లీ అడిగెను. స్వతంత్ర దేశము తన తుపాకులు తాను కొనుక్కొనుటకు ఎవరి సెలవు కావలెనని ఖాట్మండు అడిగెను. ఇట్టి ప్రశ్నలకు జవాబులు ఉండవు. వాణిజ్య ఒడంబడికల గడువు మాత్రము క్యాలెండరులో ఉన్నది. రాజకీయములో చెప్పుకొనరాని కోపము, చెప్పుకొనదగిన గడువు దొరికినచోటనే బయటపడును.

గడువు తీరగానే భారతదేశమువారు పదిహేను రాకపోకల మార్గములలో రక్సౌలు, జోగ్బని అను రెండు మాత్రము తెఱచియుంచి, తక్కినవి మూసివేసిరి. చమురు సరఫరాకు సంబంధించిన ఏర్పాటును ఆ తరుణమునందే ఆగిపోయెను. ఇచట నొక్క మాట చెప్పవలసియున్నది. బట్టలు రాకున్న ఉన్న బట్టలే కొన్నాళ్లు కట్టుకొందుము. చక్కెర రాకున్న బెల్లపు టీ త్రాగుదుము. కాని ఇంధనమట్టిది కాదు. అది నిలువచేసికొనుట కష్టము, బీదదేశమునకు మఱింత కష్టము. నిలువ ఉన్నది కొద్దిదినముల పాటిది. పైగా అది తానొక్కటే పోదు, తనతో తక్కిన సరకులన్నింటిని తీసికొనిపోవును, ఏలయన బియ్యమును, మందులను, ఉప్పును కొండ లెక్కించునది డీజిలే. అందుచేతనే ఏ రెండు దేశములకు వ్యాపార వైరము వచ్చినను మొదట కన్ను పడునది ఇంధనముపై. గొంతు పట్టుకొనదలచినవాడు మోచేతిని పట్టుకొనడు గదా.

ఆ యేడు వేసవిలో ఖాట్మండునందు కిరసనాయిలు కూపనుల మీద పంచిరి. కారులు మూలబడెను, బస్సుల పైకప్పులు మనుష్యులతో నిండెను. నగరములలో కిరసనాయిలు స్టవ్వుకు అలవాటుపడిన కుటుంబములు వంటచెరకుకు మరలెను. పల్లెలు ఏనాడును వంటచెరకును వదలలేదు. తరతరములుగా గొడ్డలి పాలగుచున్న ఆ కొండవాలు అడవులు ఆ వత్సరమున మఱింత పలుచబడెను. రక్సౌలు వద్ద మూతపడిన గేటునకును, కొండపై నఱకబడిన చెట్టునకును గల సంబంధమును ఏ ఒడంబడికయందును వ్రాయలేదు. కాని చెట్టు పోయిన వాలుపై వానకాలమున మట్టి కొట్టుకొనిపోయి గండకి, కోసి నదులలో పడుటయు, ఆ నదులు బిహారు మైదానములలోనికి దిగుటయు భూగోళశాస్త్రము చదివిన ప్రతి బాలునకును తెలిసినదే. మనము మూసిన వాకిలి మట్టి రూపమున మన పొలములలోనికే తిరిగి వచ్చెనని చెప్పుట నా ఉద్దేశము కాదు, ఒక యేటి కట్టెలతో నదులు పూడవు. అయినను ఆ ఆలోచన నన్ను వదలదు.

ఆనాడు మన ప్రధాని రాజీవ్ గాంధి, విదేశాంగ మంత్రి మన తెలుగువారే, పాములపర్తి వేంకట నరసింహారావుగారు. దిగ్బంధము పేర ప్రపంచ పత్రికలలో భారతదేశమునకు వచ్చిన అపకీర్తికి జవాబు చెప్పుకొనవలసిన కుర్చీ అది. ఒడంబడికలు తీరిపోయినవి, మేము చేసినది చట్టవిరుద్ధము కాదు, రెండు దారులు తెఱచియే ఉన్నవి యని ఢిల్లీ చెప్పుచుండెను. అక్షరార్థమున అది సరియే. కాని పొరుగువానితో అక్షరార్థమున మాటలాడవలసిన దినము వచ్చెనన్న, అప్పటికే కొంత చెడినదని గ్రహింపవలెను. ఖాట్మండు వీథులలో భారతదేశముపై ఆగ్రహము పెల్లుబికెను. మొదట రాజు బీరేంద్రుని పక్షరహిత 'పంచాయతీ' ప్రభుత్వము ఆ ఆగ్రహమును తన బలముగా వాడుకొనెను. అటు పిమ్మట అదే జనము, ఈ కష్టములు తెచ్చిపెట్టిన రాచరిక నిరంకుశత్వము మాట ఏమని రాజమందిరము వైపు తిరిగెను. 1990 ఫిబ్రవరిలో మొదలైన ప్రజాందోళనము ఏప్రిలు నాటికి రాజును వంచి, రాజకీయ పక్షములపై గల నిషేధమును తొలగింపజేసెను. దిగ్బంధమే ఆ విప్లవమును తెచ్చెనని కొందరు మనవారు గర్వముగా చెప్పుకొనుట విన్నాను. ముప్పది యేండ్లు నలిగిన ఒక జాతి స్వేచ్ఛను కోరుటలో మనము కిరసనాయిలు ఆపిన పుణ్యమే ప్రధానమనుట ఆ జాతికి చేయు అన్యాయము.

ఢిల్లీలోను ప్రభుత్వము మారెను. 1990 జూనులో నేపాలు క్రొత్త ప్రధాని కృష్ణప్రసాద భట్టరాయి ఢిల్లీకి రాగా, విశ్వనాథ ప్రతాపసింగుగారి ప్రభుత్వము వెనుకటి స్థితిని నెలకొల్పుటకు ఒప్పుకొనెను. జూలై ఒకటవ తేది నుండి లారీలు నడచెను. అంతకంటె ఆలోచింపవలసినది 1991 డిసెంబరు ఘట్టము. నేపాలు ప్రధానిగా గిరిజాప్రసాద కోయిరాలా ఢిల్లీకి వచ్చి క్రొత్త ఒడంబడికలు చేసికొన్నపుడు ఇవతల ప్రధానిగా నున్నది ఎవరు? ఆ నరసింహారావుగారే. ఎన్ని ఒడంబడికలు? వ్యాపారమునకు ఒకటి, దారిహక్కునకు ఒకటి. దొంగవ్యాపారమును అరికట్టుటకు మాత్రము వేఱొక ఒప్పందము. అనగా, నేపాలు మొదటి నుండి అడిగిన రెండు పత్రములు దానికి దక్కెను, మనము మొదటి నుండి భయపడిన దొంగసరకునకు ఒక కట్టుబాటును దొరికెను. ఈ కాగితములను 1989 మార్చిలోనే వ్రాసికొనియుండవచ్చును గదా యని ఎవరైన అడిగినచో, నాకు తోచు జవాబు ఒక్కటే: కాగితములు అవే, వానికి ఇరుప్రక్కల కూర్చున్న మనుష్యులు మాత్రము అప్పటి మనస్సుతో లేరు.

రెండవ కథ వ్యాపారముతో మొదలు కాలేదు. 2015 ఏప్రిలు 25న వచ్చిన భూకంపమున నేపాలునందు సుమారు తొమ్మిదివేలమంది మరణించిరి. మొదట చేయూతనిచ్చిన దేశములలో మనదే ముందు. అయిదు నెలలు గడువకముందే, సెప్టెంబరు 20న, ఆ దేశము క్రొత్త రాజ్యాంగమును ప్రకటించుకొనగా, తరాయి మైదానములలోని మధేశీయులు ప్రాతినిధ్యము విషయమునను, రాష్ట్రముల హద్దుల విషయమునను తమకు అన్యాయము జరిగినదని ఆందోళన సాగించిరి. పదులకొలది ప్రాణములు పోయెను. మితేరీ వంతెనపై వారు బైఠాయించగా లారీలు ఇవతలనే నిలిచెను. ఇది భారతదేశము చేసిన అప్రకటిత దిగ్బంధమని ఖాట్మండు, మీ యింటి తగవు మీరు తీర్చుకొనుడు, భద్రత లేనిచోటికి మా డ్రైవర్లు రారని ఢిల్లీ. ఇందు ఎవరి మాట ఎంతవరకు నిజమో తేల్చుటకు నేను న్యాయాధిపతిని కాను. నాకు జ్ఞాపకమున నిలిచినది మఱియొకటి. గ్యాసు చాలనందున నేపాలు ఆయిలు కార్పొరేషను, 14.2 కిలోలు పట్టు బండలో సరిగా సగము, 7.1 కిలోలు మాత్రమే నింపి యిచ్చెను. ప్రభుత్వమే రాజధాని నడిబొడ్డున కట్టెలు తూచి అమ్మెను. భూకంపమున ఇల్లు పోయి రేకుల క్రింద తలదాచుకొన్నవాడు ఆ చలికాలమున సగముబండ కొరకు వరుసలో నిలిచెను. మా యింట గ్యాసు నాలుగు దినములు ఆలస్యమైన నేను ఏజెన్సీవారితో ఆడిన మాటలు తలచుకొన్న సిగ్గగును.

అపుడు ఖాట్మండు ఉత్తరపు కిటికీ తెఱచి చూచెను. 2015 అక్టోబరులో పెట్రోచైనా సంస్థతో బీజింగునందు అవగాహనపత్రము వ్రాసికొనిరి. చైనా వెయ్యి టన్నుల ఇంధనమును ఉచితముగా నిచ్చెను. నలుబది యేండ్లుగా ఒక్క ఇండియన్ ఆయిలు వద్దనే సరకు కొన్న దేశము మొదటిసారి మఱియొక అంగడి మెట్టెక్కెను. వెయ్యి టన్నులు ఒక దేశమునకు ఎన్నాళ్లు వచ్చును? భూకంపమునకు చీలిన, కొండచరియలు పడుచుండు రసువాగఢీ దారిని ఎన్ని ట్యాంకర్లు దిగగలవు? ఇవి ఇంజనీర్ల ప్రశ్నలు. వానికి జవాబు ఢిల్లీకి అనుకూలముగనే ఉండెను. 2016 మార్చిలో నేపాలు ప్రధాని ఓలి బీజింగు పోయి రాకపోకల ఒప్పందము చేసికొనెను. తరువాత 2019లో నాలుగు చైనా రేవులు వాడుకొను వీలు కలిగెను. వానిలో తియాంజిను రేవు నేపాలు సరిహద్దునకు మూడువేల కిలోమీటర్లకు పై దూరమున ఉన్నది. ఏడువందల కిలోమీటర్ల కలకత్తాను విడిచి అంత దూరము పోవుట వర్తకునికి గిట్టదు. అయినను ఆ కాగితముపై ఖాట్మండు సంతకము చేసినది సరకు కొరకు కాదు. ఒక్కటే వాకిలి గల యింటిలో నుండువాడు పెరటి గోడకు తలుపు గుర్తు గీసికొనుటవంటిది అది. ఆ గీతను చూచి ముందు వాకిలివాడు కొంచెము మర్యాదగా మాటలాడును.

నిజముగనే మర్యాద పెరిగెను. 2016 ఫిబ్రవరిలో లారీలు కదలెను. ఆ మాసమునందే ఓలి ఢిల్లీకి వచ్చినపుడు ముజఫర్‌పురము నుండి ఢల్కేబరునకు విద్యుత్తు తీగమార్గము ప్రారంభమాయెను. 1996 నుండి మాటలలోనే యున్న చమురు గొట్టపు మార్గము ఈ తగవు తరువాతనే కదలికలోనికి వచ్చెను. చంపారనులో నీలిమందు రైతుల కొరకు 1917లో గాంధీమహాత్ముడు కాలు పెట్టిన మోతీహారి నుండి, తొంబది యేండ్లకు పూర్వము రైలు ఆగిపోయిన అమ్లేఖ్‌గంజి వరకు 69 కిలోమీటర్ల ఆ గొట్టమును 2019 సెప్టెంబరు 10న ఇరు ప్రధానులును కలిసి ప్రారంభించిరి. ఏడాదికి ఇరువది లక్షల టన్నుల వరకు పంపగలదు. ట్యాంకర్ల దారిలో కారిపోవుటలు, కల్తీలు, బేరములు తగ్గెను. వంతెనపై కూర్చుండి దానిని ఆపుట ఎవరికిని సాధ్యము కాదు, అది నేల క్రింద నున్నది. కాని దాని మీట ఇవతలి ఒడ్డుననే కలదు.

విద్యుత్తు విషయమున మాత్రము కథ తిరుగబడుచున్నది. వానకాలమున నేపాలు నదులు పొంగి జలవిద్యుత్తు మిగులుచున్నది. 2021 నుండి దానిని మన విద్యుత్ విపణిలో అమ్ముకొనుచున్నారు. 2024 జనవరిలో, పదేండ్లలో పదివేల మెగావాట్ల వరకు కొందుమని మనము ఒప్పుకొంటిమి. ఆ యేటి నవంబరులో మన తీగల మీదుగా నలుబది మెగావాట్లు బంగ్లాదేశమునకు పోయెను. ఇందును ఒక ముడి ఉన్నది: చైనా పెట్టుబడి గాని, చైనా కాంట్రాక్టరు చేయి గాని పడిన కేంద్రముల విద్యుత్తును మనము కొనము. ఎలక్ట్రానుకు జాతి ఎక్కడిదని నేపాలు ఇంజనీర్లు నవ్వుకొందురు. శీతకాలమున నదులు సన్నగిల్లగానే వారే మన వద్ద కొనుక్కొనుచున్నారు.

ఈ ప్రసంగమును మన ఊరిదాక తెచ్చి ఆపెదను. 2016 ఫిబ్రవరిలో ఢిల్లీయందు మార్చుకొన్న పత్రములలో ఒకటి మన విశాఖపట్టణపు రేవును గూర్చినది. కలకత్తా ఒక్కటే చాలదు, మఱియొక రేవు కావలెనని నేపాలు కోరగా, లోతైన నీరు గల విశాఖను వారికి తెఱచిరి. సముద్రములు దాటి వచ్చి డాల్ఫినుముక్కు కొండ నీడలో దిగిన కంటెయినరులు ఇపుడు రైలెక్కి ఉత్తరమునకు సాగుచున్నవి. సుమారు పదునాలుగువందల కిలోమీటర్ల ప్రయాణము. బీర్గంజి గిడ్డంగికి చేరుటకు ముందు ఆ రైలుబండి కడపటి పర్యాయము ఆగి, కాగితములు చూపి, సీలు సరిచూపించుకొని కదలవలసిన భారతీయ స్టేషను రక్సౌలే.